పుట్టని పెయ్య

ఉమాపతి ఆఫీసు కంప్యూటర్‌లో ఆవుల వంశావళులన్నీ తుడిచిపెట్టుకుపోయాయని పూలామె ఎదురింటి బయ్యమ్మతో అన్నదట. బయ్యమ్మ ఆ మాటను కొళాయి దగ్గర ఇంకాస్త పెంచి, అతని ఉద్యోగం కూడా ఊడిందని చెప్పిందట. బిందెతోపాటు ఈ కబురునూ మోసుకొచ్చిన భార్య ఇడ్లీలు పెడుతూ చెప్పింది.

ఉమాపతి నవ్వి ఊరుకున్నాడు. మదనపల్లెలోని పుంగనూరు ఆవుల పెంపకందార్ల సంఘంలో సర్వర్‌ను చూసుకునేది అతనే. ఆ పూట పనల్లా ఒకటే. పెద్దపంజాణి మునిరత్నమ్మ పెయ్యకు మూడు తరాల వంశపత్రం తీసి, పుంగనూరులో జరిగే పశువుల ప్రదర్శనకు పంపాలి. రెండు గంటలకు పేర్లు రాసుకోవడం ఆపేస్తారు. పత్రం లేని పెయ్యను గేటు దగ్గరే నిలబెట్టేస్తారు. లోపలికి పంపే పూచీ తనదని ఆమెకు మాటిచ్చి ఉన్నాడు.

ఆఫీసుకు వెళ్లేసరికి పుకారు అతనికన్నా ముందే చేరింది. సెక్రటరీ ఆంజనేయులు ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. సర్వర్‌లో ఉన్నదంతా రోజూ దానంతటదే కుప్పం బ్రాంచిలోని డిస్కులోకి కాపీ అవుతుందని, అయిందని అక్కడి హరీష్ పొద్దున ఆరింటికల్లా మెసేజ్ పెడతాడని ఉమాపతి వివరించాడు.

"మాటలొద్దు. సూపించప్పా" అన్నాడు ఆంజనేయులు.

కాపీ పంపమని ఉమాపతి ఫోన్ చేశాడు. హరీష్ కాసేపు ఏదో వెతికి, ఏదో గుచ్చి, పంపాడు. ఉన్నదాన్ని తీసేసి ఇది పెట్టమంటావా అని కంప్యూటర్ అడిగింది. సెక్రటరీ చూస్తున్నాడన్న ఉత్సాహంలో, తేదీ కూడా చూడకుండా ఉమాపతి అవునని నొక్కాడు. ఐదు వేల ఆవులు పద్దెనిమిది వందలకు దిగాయి. వచ్చింది మూడేళ్ల కిందటి కాపీ. అందులో మునిరత్నమ్మ పెయ్య లేదు. దాని తల్లే ఇంకా పాలు తాగే దూడ.

పొద్దున అబద్ధమైన పుకారు పదకొండింటికి నిజమైంది.

పుంగనూరు నుంచి మునిరత్నమ్మ ఫోన్ చేసింది. కంప్యూటర్ లెక్కన పెయ్య ఇంకా పుట్టలేదని ఉమాపతి నసిగాడు.

"పుట్టలేదా? ఈడ నా కొంగు నములుతాండేది యెవురప్పా?"

మళ్లీ హరీష్‌ను నిలదీస్తే సంగతి బయటపడింది. మూడేళ్ల కిందట ఆయుధపూజకు వైర్లన్నీ పీకి, డిస్కును తుడిచి, పసుపు కుంకుమలు పెట్టారు. పూజయ్యాక కరెంటు వైరు గుచ్చారు గానీ నెట్ వైరు పూలదండ వెనకాలే ఉండిపోయింది. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. హరీష్ దానికి రోజూ ఊదుబత్తి తిప్పుతూనే ఉన్నాడు. మెసేజ్ మాత్రం ఆరింటికి దానంతటదే పోయేటట్టు ఫోన్‌లో పెట్టేశాడు.

"నువ్వు కూడా వెంటనే 'సంతోషం తమ్ముడూ' అంటాండావు కదన్నా" అన్నాడు.

ఆ సంతోషం కూడా దానంతటదే పోయేటట్టు పెట్టిందే. మూడేళ్లుగా మనుషులతో పని లేకుండా రెండు ఫోన్లూ ఒకదాన్నొకటి మెచ్చుకుంటున్నాయి.

కాపీ కాలేదని ఆ సర్వరైనా చెప్పదా అని ఆంజనేయులు తల పట్టుకున్నాడు. అది చెబుతూనే ఉంది, ప్రతి రోజూ. వెతికి చూస్తే ఆ మెయిల్ పోతున్నది గోవిందరాజులుకు. ఉమాపతికి ముందు ఆ కుర్చీలో కూర్చుని, రిటైరై నిమ్మనపల్లెలో టమోటా పెట్టుకుంటున్న పెద్దమనిషి ఆయన.

ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. అంతా విని, "ఏనాటిది కావాల?" అని తాపీగా అడిగాడాయన. మెయిల్ వచ్చినప్పుడల్లా ఇంట్లో కూర్చునే తన పాత పాస్‌వర్డ్‌తో సర్వర్‌లోకి వెళ్లి, మొత్తం తన డిస్కులోకి ఎక్కించుకుంటున్నాడట. నిన్నటిది కూడా ఉందట.

గంట తిరక్కుండా ఆవులు ఐదు వేలయ్యాయి. పెయ్య పుట్టింది. ఒకటీ యాభైకి వంశపత్రం మునిరత్నమ్మ ఫోన్‌కు చేరింది. పెయ్య గేటు దాటింది.

ఊపిరి పీల్చుకున్నాక ఆంజనేయులుకు తాను సెక్రటరీనని గుర్తొచ్చింది. రిటైరైన మనిషి మూడేళ్లుగా ఆఫీసు సర్వర్‌లోకి ఏ హక్కుతో వస్తున్నాడని ఫోన్‌లోనే గద్దించాడు.

"శాలువా కప్పినారు, జీతం ఆపినారు. పాస్‌వర్డ్ మార్సలేదు, మెయిలూ ఆపలేదు. పని చేసేవోడు మీకింకా దొరకలేదేమో అనుకుంటినప్పా."