దేవుడికి ఉల్లికాడలు

ఆ శుక్రవారం పొద్దున నీల్దా అనుకున్న పనులు రెండే. ముందు గుడికి వెళ్లాలి, తర్వాత కువో ప్రొఫెసరు కాళ్లావేళ్లా పడాలి. కాలవల చదువుకని పరాగ్వే నుంచి తైనాన్ వచ్చిన ఆ పిల్లచేత పరిశోధన చేయించడానికి ఆయన ఇప్పటికి రెండుసార్లు ససేమిరా అన్నాడు. సాయంత్రం ఐదులోగా కాగితం మీద ఆయన సంతకం పడకపోతే స్కాలర్‌షిప్ పోతుంది. పెట్టె సర్దుకోవాల్సిందే.

"ఓ కట్ట ఉల్లికాడలు పట్టుకెళ్లి, వెనక మండపంలో పుస్తకం పట్టుకున్న దేవుణ్ణి అడుగు. చదువులు చూసేది ఆయనే" అంది ఆమె గదిలో ఉండే యీచున్. ఆ ఊళ్లో ఉల్లికాడనూ తెలివినీ ఒకేలా పలుకుతారు. అందుకే చదువుల దేవుడికి కాడలంటే ప్రాణం.

పుస్తకం పట్టుకున్న దేవుళ్లు అక్కడ ఇద్దరున్నారని మాత్రం యీచున్ చెప్పలేదు. తెల్లగడ్డం ఉన్నాయన ఎక్కువ చదివి ఉంటాడని నీల్దా ఆయన ముందే కాడలు పెట్టింది. ఆయన పెళ్లిళ్ల దేవుడనీ, ఆ పుస్తకం నిండా జంటల పేర్లేననీ పాపం ఆమెకేం తెలుసు! చుట్టూ అన్నీ పెళ్లి కోరేవాళ్లు పెట్టిన మిఠాయిలే ఉన్నా అనుమానం రాలేదు. పేరూ దేశమూ చిరునామా చెప్పుకుని, పైకే మొక్కింది.

"స్వామీ, కువో ప్రొఫెసరు నన్ను ఒప్పుకోవాలి. రెండుసార్లు కాదన్నాడు. ఇవాళ సాయంత్రంలోగా సంతకం పెట్టాలి. నాకు ఇంకెవరూ వద్దు, ఆయనే కావాలి!"

పక్కన అగరొత్తుల బూడిద ఎత్తుతున్న ముసలావిడ చెయ్యి ఆగిపోయింది.

"ఏ కువో, అమ్మాయ్?"

"కాలవల శాఖలో ఆయన, బామ్మగారూ. చెవికింద పుట్టుమచ్చ ఉంటుంది."

"ఆ మచ్చను కన్నది నేనే!" ఆవిడ కళ్లు చెమర్చాయి. "వాడికోసమే ఎనిమిదేళ్లుగా ఈ గుడి ఊడుస్తున్నా. నలభై రెండు దాటాయి, ఫరవాలేదా?"

"అనుభవం ఉన్నవాళ్లే నయం కదండీ."

"ఎన్నాళ్లుంటావు వాడితో?"

"రెండేళ్లు. ఆయనకు నచ్చితే ఇంకో ఏడాది."

"ఈ కాలం పిల్లలు!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "సరే, దేవుణ్ణి అడుగుదాం."

రెండు చెక్కముక్కలు నేలమీదకు విసిరింది. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే సరేనన్నట్టు. మూడుసార్లూ అలాగే పడ్డాయి. వెంటనే ఫోను తీసింది.

"ఒరేయ్, పరాగ్వే పిల్లను రెండుసార్లు కాదన్నావటగా?"

"తీరిక లేదమ్మా."

"దేనికుందిరా నీకు తీరిక? ఇవాళే సంతకం పెట్టాలట. గుడికి వస్తావా, నేనే మీ కాలేజీకొచ్చి అందరిముందూ ఏడవనా?"

తల్లి అన్నంత పనీ చేస్తుందని ఆయనకు తెలుసు. పావుగంటలో స్కూటరు గుడి ముందు ఆగింది. తల్లి చూస్తున్న చూపుకి జడిసి, నీల్దా చాపిన కాగితం మీద సంతకం గీకేశాడు. ఆవిడ ఆ కాగితం లాక్కుని, కళ్లజోడు పెట్టుకుంది.

"'తైనాన్ కాలవల్లో పూడిక...' ఇదేం పెళ్లి కాగితంరా?"

"పెళ్లేమిటమ్మా? ఆ పిల్ల పరిశోధన అది!"

నీల్దా ముఖం ఎర్రబడింది. అయినా సంతోషం ఆగక బామ్మగారిని గట్టిగా కావలించుకుంది. ఆవిడ మెట్టుమీద కూలబడి, దేవుణ్ణీ కాడలనూ మార్చి మార్చి చూసింది.

"ఎనిమిదేళ్లు మిఠాయిలు పెట్టానయ్యా, ఉలుకూ పలుకూ లేదు. ఈ పిల్ల ఒక్క కట్ట పెట్టిందో లేదో, వీడిచేత సరేననిపించావే!"

మర్నాడు పెళ్లిళ్ల దేవుడి ముందు ఒక్క మిఠాయి లేదు, పదకొండు కట్టల ఉల్లికాడలున్నాయి.