చీలమండ విరగ్గొట్టుకోండి

ఊళ్లో మర్యాద కావాలంటే ఎన్నికల్లో నిలబడక్కర్లేదు. చీలమండ విరగ్గొట్టుకుంటే చాలు. అనుభవంతో చెబుతున్నాను.

ముదిగుబ్బ పక్కన మా పల్లెలో రెండేళ్ల కిందట ఇంకుడు గుంతలు తవ్వినారు. వానొస్తే నీళ్లు అందులోకి దిగాలట. వాన రాలేదు. మా వీధి గుంతలో ఇప్పటిదాకా దిగింది నేనొక్కదాన్నే. పథకం పూర్తిగా వృథా పోలేదని అధికారులు రాసుకోవచ్చు.

అనంతపురం డాక్టరు ప్లేటు వేసి, ఆరు స్క్రూలు బిగించి, కట్టు విప్పినాక ఎక్సర్‌సైజుల కాగితం చేతికిచ్చినాడు. ఎంత గొప్ప కాగితమో! నేలమీద తువ్వాలు పరిచి కాలివేళ్లతో దగ్గరికి లాక్కోవాలి. అరవై ఏడేళ్లకు ఇంకో చెయ్యి మొలిచినట్టు కాదా? బొటనవేలితో గాల్లో ఏబీసీడీలు రాయాలి. నాకు ఇంగ్లీషు రాదు. కిరాణా పొట్లాల కాగితాలు చూసి తెలుగు నేర్చుకున్నదాన్ని, అఆలే రాసినాను. 'ఋ' దగ్గర ఎముక కిర్రుమంది. ఇరవై ఆరు అక్షరాలతో సరిపెట్టుకునే దేశాల్లో చీలమండలు ఎట్లా నయమవుతాయో!

అన్నిటికంటే పెద్ద లాభం, లెక్కపెట్టడానికి ఒక మనిషి కావాలి. పక్కింటి సుంకమ్మ పొద్దున్నే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఈ ఏడు వాళ్ల చేన్లో శెనక్కాయ చెట్టు పీకితే వేర్లే వచ్చినాయి. మొగుడు తిప్పయ్య బెంగళూరులో బిల్డింగు పనికి పోయినాడు. అవ్వ కాలూనినాక పోతానని నాకోసం ఈమె ఆగింది.

కాబట్టి మడమలెత్తే ఎక్సర్‌సైజును చాలా శ్రద్ధగా చెడగొట్టినాను.

"అవ్వా, మడమ యాడ లేసింది? నేలకే అతుక్కోని ఉండాది."

"నొప్పి మే."

"ఇరిగింది కుడి కాలు. ఎడమ కాలు పట్టుకోని మూలుగుతాండావే?"

మొన్న తిప్పయ్య రాయించిన ఉత్తరం వచ్చింది. జ్వరమని, గంజి కాచిచ్చే దిక్కు లేదని. సుంకమ్మకు చదివి వినిపించింది నేనే. జ్వరం ముక్క చదవకుండా మింగేద్దామనుకున్నాను, మనసు రాలేదు. చదువు నేర్పిన ఆ పొట్లాలు అప్పుడే పారేసి ఉంటే ఎంత బాగుండేది!

నిన్న ఆఖరి పరీక్ష. విరిగిన కాలిమీద ముప్పై లెక్కపెట్టేదాకా నిలబడాలి. నిలబడితే సుంకమ్మ బస్సెక్కుతుంది. ఈసారి దొంగాట ఆడలేదు.

"ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది," అని ఆగి, "ఇరవై ఆరు," అనింది సుంకమ్మ. నూటముప్పై గొర్రెల మందలో ఒక్కటి తగ్గినా కనిపెట్టే మనిషి.

"లెక్క తప్పినావు మే."

"నువ్వు నిలబడవ్వా."

నిలబడినాను. ఎంతసేపో ఇద్దరమూ అడగలేదు.

ఈ పొద్దు బస్టాండుదాకా నా కాళ్లమీదే పోయి సాగనంపినాను. బెంగళూరు బస్సు కోసం మా వీధి సగం అక్కడే ఉంది. డాక్టర్లకు సంతోషం కలిగించే మాట ఒకటి చెబుతాను. ఒక్కరూ కుంటలేదు. నెత్తిన మూటలు పెట్టుకొని, అందరూ చక్కగా నడిచి ఎక్కినారు.