పిడికెడు తవుడుకు పెయ్యదూడ

ఆ పొద్దున శివలీల పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. దూడకు సీసాతో పాలు పట్టాలి, సంగటి కెలికి మొగుడికి సద్ది కట్టాలి, ఎండ ముదరకముందే మిరపచేలో కలుపు తీయాలి. అంతే. మొదటి పని దగ్గరే అంతా ఆగిపోయింది. పెయ్యదూడ సీసా పీకను నాలుకతో ఒకసారి తడిమి, ఈ సంగతితో తనకేమీ సంబంధం లేదన్నట్టు మొహం పక్కకు తిప్పుకుంది.

పుట్టి వారం కూడా కాలేదు. పుట్టినప్పటి నుంచి దాని నాలుగు కాళ్లూ ఒక మాట మీద నిలబడలేదు. లేచి తల్లి పొదుగు దాకా పోలేదు కాబట్టి ఆవు పాలు పిండి సీసాలో పోసి పట్టాల్సి వచ్చింది. దానికి తోడు బేదులు. "తల పైకెత్తి గొంతులో పోయొద్దమ్మా, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అది చప్పరిస్తేనే పట్టు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు మధ్యమధ్యలో తాపు. వెచ్చగా ఉంచు" అని పశువుల డాక్టరు యేసుప్రసాద్ సూది వేసి చెప్పి వెళ్లాడు. శివలీల అన్నీ చేసింది. చప్పరించే ఉద్దేశం దూడకే లేదు.

ఆ ఎర్రావుకు ఇంతకు ముందు పుట్టిన రెండు దూడలూ ఇలాగే పోయాయి. రెండింటినీ శివలీలే చేని గట్టున పూడ్చింది. మూడోదాన్ని కూడా పూడ్చడం తనవల్ల కాదనిపించింది ఆమెకు. సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఏడ్చింది.

మంగంపేటలో ఉన్న కూతురింటికి బయలుదేరి, సంచి చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చిన అత్త వెంకటేశ్వరమ్మ ఆ ఏడుపు చూసి ఆగింది.

"నువ్వేడిస్తే అది తాగుతాదా? అమ్మెయ్ దాన్ని."

"సావబోయేదాన్ని ఎవురు కొంటారత్తా?"

"తవుడుకు అమ్మమంటాండా. నాకు ముందర ఇద్దరు పోతే నీ మొగున్ని గూడా తవుడుకే అమ్మింటి. బతికినాడా, లేదా?"

బతికాడు. అందులో వాదన లేదు. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే తర్వాత పుట్టినవాణ్ని పొరుగింటికి పిడికెడు తవుడుకు అమ్మినట్టు చేయడం ఆ ఇళ్లలో పాత ఆచారం. వాణ్ని తీసుకుపోవడానికి వచ్చిన యముడు, వీడు వేరే వాళ్ల బిడ్డ అని తెలిసి వెనక్కి పోతాడట. పరాయి సొత్తు మీద యముడికి అంత గౌరవం ఎందుకో ఎవరూ అడగలేదు.

"అమ్మినంక అది నీది గాదు. నాదని నోరు జారినావో, అయిపోయినట్టే. ఎంతకమ్మినావో చెప్పగూడదు, ఒట్టిదే అమ్మినామని అసలే చెప్పగూడదు. దూడ గట్టిపడేదాకా నీ నోట్లోనుంచి 'అమ్మినా' అనే మాట తప్ప ఇంకోటి రాగూడదు."

"ఆయనకు గూడా చెప్పకూడదా?"

"ఉమామహేశ్‌కా? వానికి చెప్తే పొద్దు మునిగేలోపల టీ అంగట్లో అందరికీ తెలుస్తాది. యముడు గూడా ఆడికొచ్చి వింటాడు" అని చెప్పి ఆమె బస్సుకు వెళ్లిపోయింది.

పక్కింటి కాశన్న మగ్గం నేస్తాడు. ఏ పని ఒప్పుకున్నా పోగు తప్పకుండా చేసే మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది. శివలీల గోడ దగ్గర నిలబడి గుసగుసగా సంగతి చెప్పగానే ఆయన ఇంట్లోకి పోయి పిడికెడు తవుడు పట్టుకొచ్చాడు. ఆమె తవుడు అందుకుని, గోడ దగ్గరికి ఎత్తుకొచ్చిన దూడ మీద చెయ్యి వేసి "అమ్మినా మామా" అంది. ఆయన యముడికి ఎక్కడ వినపడకుండా పోతుందోనని గొంతు చించుకుని "కొన్నా!" అన్నాడు.

యముడి సంగతి తెలియదు గాని, ఆ దారిన పోతున్న బొజ్జన్నకు బాగా వినపడింది. బొజ్జన్న పశువుల బేరగాడు. నందికొట్కూరు సంత దాకా ఆ చుట్టుపక్కల ఏ గొడ్డు చేతులు మారినా ఆయన తువాలు కిందనే మారాలి. తువాలు కప్పి, దాని కింద కొనేవాడి వేళ్లూ అమ్మేవాడి వేళ్లూ పట్టుకుని బేరం తెంచడం ఆయన విద్య. సొంత వీధిలో తనకు తెలియకుండా గోడ మీద నుంచి దూడ అమ్ముడుపోయిందంటే ఆయనకు అన్నం సహించలేదు.

ఉమామహేశ్ కల్లూరులో షేర్ ఆటో తోలతాడు. సాయంత్రం ఇల్లు చేరకముందే టీ అంగట్లో బొజ్జన్న ఆయన్ని పట్టుకుని ఎత్తిపొడిచాడు. ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవలేదు.

"ఏమే, దూడను అమ్మినావా?"

"అమ్మినా" అంది శివలీల, గోడ వైపు చూస్తూ, కాస్త గట్టిగా.

"నన్నడగకుండానా? ఎంతకి?"

"ఎంతకో ఒగదానికి."

"ఎంతకో ఒగదానికా? ఇదేమన్నా వంకాయలా?"

ఆయన వెంటనే తల్లికి ఫోన్ చేశాడు. అటునుంచి వెంకటేశ్వరమ్మ, "అమ్మినా అని చెప్పింది గదా? అయితే అమ్మినట్టే. బస్సులో ఉండా, సరిగ్గా వినపడడం లేదు" అని పెట్టేసింది. సరిగ్గా అప్పుడే కాశన్న వాకిట్లోకి వచ్చాడు. కొన్నవాడు కొన్నట్టే ఉండాలి కదా! దూడ పక్కన కూర్చుని, సీసాను చెంపకు ఆనించి చూసి, "నా దూడకు ఇంత సల్లటి పాలు పడ్తాండావేంది కోడలా?" అని గద్దించాడు.

ఉమామహేశ్‌కు ఒళ్లు మండింది. "నీ దూడైతే మాయింట్లో ఏంటికుండల్ల మామా? తోలకపో!"

కాశన్న శివలీల వైపు చూశాడు. శివలీల కాశన్న వైపు చూసింది. కాదంటే యముడు వింటాడు. కాశన్న దూడను భుజాన వేసుకుని తన ఇంటికి నడిచాడు. అది పోతూ పోతూ ఆయన చొక్కా మీద బేది పెట్టింది.

కాశన్న ఇల్లు చిన్నది. అందులో సగం మగ్గమే. వెచ్చగా, గాలి తగలకుండా ఉండే చోటంటే నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంత ఒక్కటే కనిపించింది ఆయనకు. గోనెపట్ట పరిచి దూడను అందులో దించాడు. పైన సగం నేసిన చీర, కింద మూలుగుతున్న దూడ. ఆయన భార్య గంగాదేవి కండెలు చుట్టడం ఆపేసి లేచి నిలబడింది.

"ఏందిది?"

"దూడ. కొన్నా."

"నేసేది యాడ? కాళ్లు పెట్టుకునేది యాడ? నీకేమన్నా మతుండాదా?"

"కొన్నా" అన్నాడు కాశన్న మళ్లీ. అంతకు మించి చెప్పే అధికారం ఆయనకు లేదు. ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు.

మరుసటి పొద్దున ఇంకో చిక్కు వచ్చిపడింది. శివలీల చెంబు పట్టుకుని ఆవు దగ్గర కూర్చుంటే ఆవు చేపలేదు. పక్కన దూడ లేనిదే అది పాలు వదలదు. పొదుగు రాయిలా ఉంది, చెంబులో చుక్క లేదు. అటు గోడ అవతల దూడ ఆకలితో అరుస్తోంది, ఇటు ఆవు దానికి బదులు చెబుతోంది. శివలీల ఉమామహేశ్ మొహం కడుక్కునే సమయం చూసి, ఆవు పలుపు విప్పి తోలుకుపోయి కాశన్న గుమ్మం ముందు కట్టేసింది. గుంతలో నుంచి దూడ తల చూపించగానే ఆవు చేపింది. పిండిన పాలు సీసాలో పోసింది గాని దూడ రెండు గుక్కలు చప్పరించి నీరసంగా వదిలేసింది. పీక కడిగి, మళ్లీ వేడి నీళ్లలో సీసా పెట్టి తెద్దామని శివలీల ఇంట్లోకి పరుగెత్తింది.

ఆ కాస్త సమయంలోనే బొజ్జన్న వీధిలోకి వచ్చాడు. నిన్న దూడ, ఈ పొద్దు ఆవు! ఆయన మనసు విరిగిపోయింది. అయినా వృత్తిధర్మం వృత్తిధర్మమే కాబట్టి, ఒక కొనుగోలుదారును, ఒక ట్రాలీ ఆటోను వెంటబెట్టుకునే వచ్చాడు.

"ఏమప్పా కాశన్నా, నన్ను దాటేసి కొంటావా? కొన్నావు సరే. అమ్మేదన్నా నా చేతిమీదుగా అమ్ము. ఆవూ దూడా కలిపి మంచి బేరం ఉండాది."

"అమ్మెయ్" అంది లోపలినుంచి గంగాదేవి. "అమ్మెయ్ పో. ఆ పీడ గుంతలోనుంచి లేస్తేగానీ నేను పొయ్యి వెలిగించను."

ఇది నాది కాదప్పా అంటే దూడకు ఎక్కడ ముప్పొస్తుందో అని కాశన్నకు భయం. నాదే అంటే అమ్మక తప్పేలా లేదు. ఆలోచన తెమిలేలోపల బొజ్జన్న తువాలు కప్పేశాడు. తువాలు కింద ఏ వేలికి ఏ అర్థమో కాశన్నకు తెలియదు, జన్మలో గొడ్డు అమ్మి ఎరగడు. నలుగురిలో నోరు తెరవకుండా బతిమాలుకోవడానికి ఇదొక్కటే దారి అనుకుని, 'వద్దప్పా, నన్నొదిలెయ్' అన్నట్టుగా బొజ్జన్న చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఊపాడు.

"తెగింది!" అని అరిచాడు బొజ్జన్న. అంత తొందరగా, అంత మనస్ఫూర్తిగా ఒప్పుకున్న మనిషిని ఆయన ఇన్నేళ్లలో చూడలేదు. "ఒరే, ఎత్తండ్రా దూడను!"

దూడను గుంతలోనుంచి లేపి ట్రాలీలో పడుకోబెట్టారు. అది తల కూడా ఎత్తలేదు. ఆవు పలుపు విప్పబోతున్నారు. గొడవ విని వచ్చిన ఉమామహేశ్ తన ఇంటి గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల ఎంత కలుక్కుమన్నా, నాతో చెప్పకుండా అమ్మినవాళ్లే చూసుకోనీ అన్న పంతం ఆయనది.

శివలీల సీసా పట్టుకుని బయటికి వచ్చింది. ట్రాలీలో నుంచి వేలాడుతున్న దూడ తోక కనిపించింది. అత్త చెప్పినవన్నీ ఆమెకు గుర్తున్నాయి. గుర్తున్నా నోరు ఆగలేదు.

"దించండి! యాడికి తీసకపోతాండారు? అది నా దూడ! నాది!"

అనేసి, రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత అక్కడే దుమ్ములో కూలబడి, ఇంక దాచడానికేమీ మిగల్లేదని మొత్తం చెప్పేసింది. తవుడు, గోడ, యముడు, గట్టున పూడ్చిన రెండు దూడలు. "నా నోటితోనే సంపుకుంటినే దాన్ని" అని ఏడ్చింది.

అందరూ దూడ వైపు చూశారు. దూడ కళ్లు మూసుకుంది.

ముందుగా తేరుకున్నది కాశన్న. ఆకాశం వైపు తలెత్తి, "ఆయమ్మ మాట నమ్మాకు! అది నా దూడ! నేను కొన్నా!" అని కేకేశాడు. గంగాదేవి కొంగు దోపుకుని గుమ్మం దిగి వచ్చింది. "ఆయనేంది చెప్పేది? నా మగ్గం గుంతలో పండుకునింది, అది నాది!" అంది. "బేరం తెగినంక మీదెట్లయితాది? నాది!" అన్నాడు బొజ్జన్న. కొనడానికి వచ్చినవాడు కూడా సంగతి సగమే అర్థమైనా, వెనకబడితే బాగుండదని "నాది, నాది" అన్నాడు. ఎదురింటివాళ్లు మిద్దె మీద నుంచి తమదన్నారు. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లంతా ఎవరికి వాళ్లు తమదని అరిచారు. ఉమామహేశ్ పంతం వదిలి ఒక్క గెంతులో ట్రాలీ ఎక్కి, దూడ తలను ఒళ్లో పెట్టుకుని, "ఎవురిదన్నా కానీ, మాది మాత్రం గాదు!" అని అందరికంటే పెద్దగా అరిచాడు. అరుస్తూ ఏడ్చాడు. యముడు నిజంగా అప్పుడు ఆ వీధిలో ఉంటే, ఎవరిని ముందు విచారించాలో తేలక తల పట్టుకుని ఉంటాడు.

ఆ అరుపులకు దూడ బెదిరింది. బెదిరి, ఎన్నడూ లేనిది, నాలుగు కాళ్ల మీదా లేచి నిలబడింది. ఊగుతూనే మెడ చాచి ఉమామహేశ్ చొక్కా అంచు నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. "సీసా! సీసా ఇయ్యే!" అని ఆయన చెయ్యి చాచాడు. శివలీల పరుగున పోయి అందించింది. దూడ పీక పట్టుకుంది. ఈసారి వదల్లేదు. అడుగున గాలి చప్పుడు వచ్చేదాకా తాగి, ఇంకేదీ అన్నట్టు సీసాను తలతో కుమ్మింది. గుమ్మం ముందు ఆవు పొదుగులో నుంచి పాలు తమంతట తామే కారుతున్నాయి. శివలీల నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు.

"నాతో ముందే చెప్పుంటే ఏం పోతాండె నీకు?" అన్నాడు ఉమామహేశ్ ఇంటికి పోతూ. "నాకు చెప్పుంటే నేనెవురికి చెప్తా?" ఆ మాట ఆయన ట్రాలీవాడికీ, కొళాయి దగ్గరి ఆడవాళ్లకూ, టీ అంగట్లో కూర్చున్న అందరికీ కూడా చెప్పాడు.

దూడ బతికింది. బతకడమే కాదు, ఒక వీధికి సరిపడా యజమానులతో బతికింది. కాశన్న మగ్గంలో మిగిలిన రంగు పోగులతో దానికి మెడపట్టెడ పేనాడు. గంగాదేవి పొద్దున్నే జొన్నగంజి తెచ్చి, నా దూడకు నేనే తాపాలని పట్టుపట్టింది. బొజ్జన్న కంచుగంట కట్టి, "నాదాన్ని ఎండలో కట్టేస్తారా?" అని శివలీల మీద కేకలేశాడు. పేరు పెట్టే విషయంలో కొళాయి దగ్గర రెండు రోజులు మాటలు లేవు. వచ్చిన ప్రతి యజమానికీ టీ కాచలేక శివలీల చేతులు పడిపోయాయి.

వాన పడిన వారానికి దూడ పట్టెడ తెంపుకుని పోయి, పై వీధి వీరభద్ర పోసుకున్న ఉల్లినారు మడి అంతా ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా శుభ్రంగా మేసి వచ్చి, వీధి మధ్యలో పడుకుంది. వెనకే వీరభద్ర కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఎవురిదప్పా ఈ దూడ?"

కాశన్న మగ్గంలోకి దిగి గట్టిగా నేయడం మొదలుపెట్టాడు. గంగాదేవి తలుపు దగ్గరికి వేసింది. బొజ్జన్నకు సంతలో ఏదో అర్జంటు పని గుర్తుకొచ్చింది. కొళాయిలో నీళ్లు వస్తూనే ఉన్నాయి గాని బిందెలు పట్టుకునేవాళ్లు లేరు. శివలీల, ఉమామహేశ్ ఇద్దరూ కలుపు తీయడానికి మిట్టమధ్యాహ్నం ఎండలో చేనికి బయలుదేరారు.

వీరభద్ర సాయంత్రం దాకా ఇంటింటికీ తిరిగి అడిగినా, ఆ దూడను ఎరిగినవాళ్లు ఒక్కరూ తగల్లేదు.