పక్కకు తిరగని బొమ్మ

మనిషిని ఆరువందల పొరలుగా కోసి, చుక్క రక్తం కారకుండా మళ్ళీ అతికించి, తెర మీద నిలబెట్టగల కంప్యూటర్ ఈ లోకంలో ఉంది. ఆ బొమ్మను పక్కకు తిప్పే అనుమతి ఉన్న మనిషే అరుదు.

పెళ్ళైన వారానికే మా ఆయనకు దగ్గు పట్టుకుంది. (దగ్గినా అందంగానే ఉంటారు. అది ఇక్కడ అప్రస్తుతం.) నెలైనా తగ్గకపోతే ఛాతీకి సీటీ స్కాన్ తీయించాం. ఉంగరం, గొలుసు, గడియారం, బెల్టు, తాళాలు తీసేశారా అని ఫారంలో అడిగారు. ఆయన అన్నీ తీసి నిధి అప్పగించినట్టు నా ఒళ్ళో పోసి, చొక్కాతోనే లోపలికి వెళ్ళారు.

కాసేపటికి డాక్టరుగారి తెర మీద ఆయన ఎముకలు ఎదురుగా నిలబడ్డాయి. (పక్కటెముకలు కూడా తీరుగానే ఉన్నాయి.) గుండె ఉండే చోట సన్నగా, తెల్లగా ఒక గీత.

"ఏదో లోహం. లోపలుంటే ప్రమాదం, బయటుంటే ఏమీ కాదు," అన్నారు డాక్టరుగారు.

నాకు నా జడపిన్ను గుర్తొచ్చింది. స్కూటర్ ఎక్కేముందు జుట్టు వదులుచేసుకుని, దాన్ని ఆయన చొక్కా జేబులో వెయ్యడం నాకు అలవాటు. జేబు తడిమాను. ఖాళీ.

"బొమ్మను పక్కకు తిప్పి చూడండి సార్, తేలిపోతుంది."

"నాకున్నది ఎదుటి చూపు అనుమతేనమ్మా. పక్క చూపు మూడో అంతస్తు వాళ్ళది."

మా ఆయన కుర్చీలోంచి లేచి పక్కకు తిరిగి నిలబడ్డారు. "ఇలా సరిపోతుందా సార్?"

డాక్టరుగారు ఆయన్ని శ్రద్ధగా చూసి, 'రోగి తిరిగాడు, బొమ్మ తిరగలేదు' అని రాసుకున్నారు.

మూడో అంతస్తులో చిత్ర పరిభ్రమణాధికారిణి కళ్ళద్దాలు సర్దుకున్నారు. "కుడికా, ఎడమకా?"

"ఎటైనా పరవాలేదండీ."

"ఎటైనా అనే గడి ఫారంలో లేదు."

ఎడమ అన్నాను. గుండె అటే ఉంది కాబట్టి.

"చూశాక మళ్ళీ ఎదురుగా తిప్పాలంటే ఇంకో ఫారం."

"అలాగే వదిలేయండి."

"వదిలేస్తే రేపటి నుంచి వచ్చేవాళ్ళందరూ పక్కకే కనబడతారమ్మా."

రెండో ఫారమూ నింపాను. అంతసేపూ మా ఆయన నా ఎడమచెయ్యి వదల్లేదు. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

అధికారిణి మా అసలు కాగితాలు కావాలంటే స్కాన్ గది టెక్నీషియన్ ఫైలు తెచ్చాడు. ఆ కాగితాలన్నిటినీ కలిపి పట్టుకుని ఉన్నది నా జడపిన్ను.

"ఇదెక్కడిదండీ?"

"స్కాన్ బల్ల మీద దొరికింది. మాకు క్లిప్పులు అయిపోయి నెలైంది."

నేను అక్కడే మా ఆయన్ని వాటేసుకున్నాను. (దానికి ఫారం లేదట. అధికారిణి వెతికి చూశారు.)

"పిన్ను దొరికింది కదండీ, ఇక తిప్పక్కర్లేదు," అన్నారు మా ఆయన.

"సంతకాలయ్యాక తిప్పి తీరాలి బాబూ."

తిప్పారు. గీత ఛాతీకి వేలెడు దూరంలో, ఎవరి ఒంటికీ సంబంధం లేనట్టు హాయిగా పడుకుని ఉంది. 'పిన్ను బయట. రోగి క్షేమం' అని మూడు ముద్రలు వేశారు. పిన్ను మాత్రం రుజువు కింద ఫైలులోనే ఉంచుకున్నారు.

గండం గడిచిందనుకుంటూ ఇంటికొచ్చి తాళం తీస్తుంటే మా ఆయన దగ్గారు. మేం ఆసుపత్రికి ఎందుకు వెళ్ళామో అప్పుడు గుర్తొచ్చింది.