సారమేయద్వయ లిఫ్టారోహణ విజయము

దగ్గరికి జరగండర్రా. ఆ ఫోన్లు బోర్లా పెట్టి చెవులిటు పడేయండి. మహాయుద్ధం చెబుతున్నాను. నెత్తురు మాత్రం చుక్క కారలేదు, కారినదంతా చొంగే.

సప్తసముద్రాలకు ఆవల, సూర్యుడు సైతం అనుమతిపత్రం చూపించి ఉదయిస్తాడా అన్నంత క్రమశిక్షణ గల ఒకానొక పరనగరంలో, ఒక సోమవారం తొమ్మిదిన్నర వేళ, ఆరంతస్తుల భవనం అడుగున, ఉక్కుకవాటద్వయ భీకరమైన లిఫ్టు ఎదుట, సారమేయకులతిలకులిద్దరు నాలుగేసి కాళ్ళు నేలకు దిగ్గొట్టి నిలిచారు. ఒకడు పెద్దోడు: గజసన్నిభకాయుడు, మేఘగంభీర భౌభౌఘోషుడు. రెండోవాడు చిన్నోడు: హ్రస్వజంఘుడు, దీర్ఘకర్ణుడు, వయసులో మాత్రం పెద్దోడికన్నా రెండేళ్ళు పెద్ద. పేర్లు పెట్టింది ఇంటాయన, నన్నడక్కండి.

వాళ్ళ వెనక ఇల్లాలు. విమానం దిగగానే, రోగాలేమైనా తెచ్చాయేమోనని, అధికారులు కుక్కలిద్దరినీ ముప్ఫై రోజులు బోనుల్లో వేరే ఉంచారు. ఆ ముప్ఫై రోజులూ తాత్కాలిక బసలో ఆవిడ ఎక్కడ ఎవరి తోక తొక్కుతానో అని అడుగు చూసి చూసి వేసేది. తోకలు ఉండేవి కావు. ఆ ఉదయమే ఇద్దరినీ విడిపించి, సామాను పెట్టెలతో సహా ఈ భవనంలోని కొత్త ఇంటికి తెచ్చుకుంది.

అంతలో భవనపాలకుడు, తాళపుచెవుల గుత్తిధారి, నిబంధనావళీ కంఠస్థుడు, వచ్చి తన భాషలో ఇలా చెప్పాడు: "మెట్లకు రంగు వేశాం, సాయంత్రం దాకా ఆరదు. పదింటికి వేరేవాళ్ళ సామాను దిగుతుంది, లిఫ్టు వాళ్ళది. ఈలోగా ఇవి ఎక్కకపోతే, భవనంలో ఉండటానికి పనికిరావని రాసేస్తాను. మళ్ళీ బోనుకే."

ఇల్లాలు ఇద్దరికీ అడ్డంగా నిలబడింది. "వీళ్ళను మళ్ళీ అక్కడ వదిలి రావడం నా వల్ల కాదు," అంది భర్తతో. "ఏం చేస్తారో చేయండి."

అప్పుడా గృహపతి నడుంపట్టీని కవచంగా బిగించి, బిస్కెట్ల పొట్లాన్ని ఖడ్గంలా ఝళిపించి, "ఓ శ్వానశిఖామణులారా! వ్యోమమార్గాన మహార్ణవాలు లంఘించిన మీకు మూడడుగుల ఈ లోహమంజూష ఒక లెక్కా? లేవండి! కదలండి! షష్ఠసౌధతలాన్ని ఆక్రమించండి!" అని గర్జించాడు. అది భావం. నోటితో అన్నది మాత్రం, "రారా పెద్దోడా, నీ కాళ్ళు పట్టుకుంటారా, పరువు తీయకురా."

పెద్దోడు ఆవులించాడు.

బిస్కెట్టును లిఫ్టులోకి విసరగా, చిన్నోడు వెనక కాళ్ళు బయటే ఉంచి, మొండెం రబ్బరులా సాగదీసి, దాన్ని నోట కరిచి సగౌరవంగా వెనుదిరిగాడు. ఆ క్షణాన తలుపులు ధడాలున మూసుకున్నాయి. వీరులిద్దరూ గోడకు అతుక్కుపోయారు. ముప్ఫై రోజుల కిందట ఇలాంటి ఇనుపతలుపే మూసుకున్నప్పుడు, ఇల్లాలు దానికి అవతల ఉండిపోయింది మరి.

"వెనకనుంచి తొయ్యండి!"

"తోస్తుంటే నేనే జారుతున్నానే! నువ్వు ముందునుంచి లాగు."

"లాగితే వాడికి మెడ నొప్పెడుతుంది."

"నా నడుం నొప్పెట్టదూ?"

"మీకు మందుంది. వాడికేముంది?"

తొమ్మిది గంటల యాభై ఏడు నిమిషాలు. భవనపాలకుడు కలం తీశాడు. బతిమాలి, బెదిరించి, అలసిపోయిన ఇల్లాలు, కనీసం పెట్టెలైనా పైకి చేరతాయని, కళ్ళు తుడుచుకుంటూ వాటిని లిఫ్టులోకి ఈడ్చి, తానూ లోపల నిలబడి, మొగుడి వైపు తిరిగి, ఏ యుద్ధభేరీ మోగించకుండా, రోజూ పిలిచే గొంతుతోనే పిలిచింది.

"ఏవండీ, రండి."

నాలుగు చెవులు నిక్కాయి. ఎనిమిది కాళ్ళు ఒక్కసారిగా లేచాయి. ఝంఝామారుతవేగంతో గృహపతిని పక్కకు నెట్టి, గుమ్మం దాటి, పెద్దోడు కుడివైపున, చిన్నోడు ఎడమవైపున, ఆవిడ కాళ్ళకు ఆనుకుని కూర్చున్నారు!

ఏం జరిగిందంటారా? పూటపూటా ఆవిడ భర్తను భోజనానికి పిలిచే పిలుపు అదే. ఆ పిలుపు వెంటనే కుక్కల గిన్నెలూ నేలమీద దిగేవి. పెద్దోడు, చిన్నోడు అన్నవి ఏవో ముద్దుమాటలనీ, తమ అసలు పేరు 'ఏవండీ' అనీ ఆ అమాయకులు బుద్ధెరిగిన నాటినుంచీ నమ్మారు. పైగా ఈసారి తలుపు మూసుకునేలోగా లోపలికి దూకితే ఆవిడ తమవైపే ఉంటుంది.

తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు ఆకాశగమనం సాగించింది. కింద గృహపతి చేతిలో ఒక్క బిస్కెట్టుతో మిగిలాడు.

"ఆవిడ ఏమని పిలిచారు?" అడిగాడు భవనపాలకుడు, కలం మూస్తూ.

"నన్నే పిలిచిందండీ," అన్నాడాయన.

దిక్కులు పిక్కటిల్లేలా చాటుతున్నాను: ఇరవై ఏడు నిమిషాల ఘోరసంగ్రామానంతరం మూడడుగుల లిఫ్టుగడప జయింపబడింది! వీరులిద్దరూ ఆరో అంతస్తులో, ఇంకా పరుపు కూడా విప్పని గదిలో, ఇల్లాలి రెండు పాదాల మీద రెండు తలలు పెట్టుకుని గురకలు తీశారు. ఆవిడ కాళ్ళు తిమ్మిరెక్కినా కదపలేదు.

ఈ కథ మనసులో పెట్టుకోండర్రా, నలుగురికీ చెప్పండి. తొందరగా ఉంటే యుద్ధం కాస్త కుదించినా ఏమనుకోను. కానీ, లిఫ్టు వేరేవాళ్ళ సామానుదై, మెట్ల మీద రంగు ఆరక, పిలిచిన పిలుపుకు అసలు హక్కుదారు సాయంత్రం దాకా కిందే నిలబడి, ఆ ఒక్క బిస్కెట్టూ తానే తిన్న సంగతి మాత్రం వదిలేయకండి.