తూటా పన్నుతో తిరిగే యంత్రం

కోనాపురం పెద్దాసుపత్రిలో డయాలసిస్ యంత్రం ఊళ్లో తుపాకీ పేలితేనే తిరుగుతుంది. తూటాల మీద వచ్చే పన్నును ప్రజారోగ్యానికే ఖర్చుపెట్టాలని ప్రభుత్వం నిర్ణయించాక, మధ్యలో ఖజానా జాప్యం ఎందుకని యంత్రాన్ని నేరుగా తుపాకులకే కలిపేశారు. ఎక్కడో ఢామ్మని వినబడితే వరండాలోని రోగుల బంధువులు "అమ్మయ్య" అనుకునేవారు.

క్వారీ కోసం తరతరాలుగా కాల్చుకుంటున్న రెండు కుటుంబాలు ఆ ఏడు వియ్యమందుకున్నాయి. పెళ్లిభోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. మర్నాడే యంత్రం ఆగిపోయింది.

దర్జీ మద్దిలేటి భార్య సుంకులమ్మకు ఒళ్లంతా నీరు పట్టింది. అతను సూపరింటెండెంటు విమల దగ్గరికి పరుగెత్తాడు.

"మేడం, మా ఆడమనిషికి ఊపిరి ఆడ్డంల్యా. ఏమన్నా చెయ్యండి."

"ఊరంతా ఇంత ప్రశాంతంగా ఉంటే నేనేం చేసేదయ్యా?" అందామె. ఆమె నిజంగానే బాధపడింది.

మద్దిలేటి తుపాకీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. కారణం దగ్గర 'వైద్యం' అని రాయడంతో లైసెన్సు సాయంత్రానికే వచ్చింది. అంగడి వెనక నిలబడి ఆకాశంలోకి కాల్చాడు. యంత్రం కదల్లేదు.

"పన్ను పడిందిలే. కానీ ఖర్చు పెట్టాలంటే తూటా తగిలిన లబ్ధిదారుడు ఉండాల గదప్పా. మేఘానికి కట్టు కడతామా?" అని ఆసుపత్రి గుమాస్తా ఓపిగ్గా చెప్పాడు.

ఈ సంగతి విన్న పక్కంగడి మంగలి వీరబసప్ప గడ్డం గీస్తున్న కత్తి పక్కన పెట్టాడు. సుంకులమ్మ చేతి సంగటి తిననిదే అతనికి మధ్యాహ్నం గడవదు.

"నా తొడకు కాల్చు మద్దీ. చేతులు మాత్రం వొద్దు, పని చేసుకోవల్ల."

"నా చేత కాదు బసప్పా."

"అక్కడ ఆయమ్మ ఊపిరాడక కొట్టుకుంటాండాది. కానీ!"

మద్దిలేటి కళ్లు మూసుకుని కాల్చాడు. యంత్రం గుర్రుమని తిరిగింది. వీరబసప్పను సుంకులమ్మ పక్క మంచంలోనే వేశారు. మందులు, కట్లు, గుడ్డు, పాలు అన్నీ ఆ తూటా పన్నులోంచే.

"నొప్పి పుడుతాందా అన్నా?" అని అడిగిందామె, ఊపిరి కుదుటపడ్డాక.

"ఏం ల్యాదమ్మా. నువ్వు పండుకో."

మద్దిలేటి గోడకేసి తిరిగి ఏడ్చాడు. పై అధికారులు వచ్చి అతనికి శాలువా కప్పారు. ఊరు తన వైద్యం తానే చేసుకుంటోందని మెచ్చుకుని, ఆదాయం పెరిగింది గనక రెండో యంత్రాన్ని మంజూరు చేశారు. జనం చప్పట్లు కొట్టారు. వీరబసప్ప కూడా పడుకునే కొట్టాడు.

ఆ వారం నుంచి మద్దిలేటి తుపాకీ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టసాగాడు. ఎవరూ కాదనలేదు. కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఎడమ కాలా కుడి కాలా అని మాత్రమే అడిగారు.