రెడ్‌మండ్ బృందం వారి ఆస్ట్రియా రుచుల యాత్ర

మా రెడ్‌మండ్ మిత్రబృందం మే నెల లాంగ్ వీకెండ్‌లో ఆస్ట్రియా వంటకాలను రుచి చూసి క్షేమంగా తిరిగి వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. దేశం మాత్రం దాటలేదు. దాటితే మళ్ళీ వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనని అందరికీ భయం. కొండకి అవతల, ఇళ్ళూ దుకాణాలూ అచ్చం ఆస్ట్రియాలో మాదిరి కట్టుకున్న ఊరొకటి ఉంటే అక్కడికి వెళ్ళాం. "అమెరికాలోనే ఆస్ట్రియా దొరుకుతుంటే అసలు ఆస్ట్రియా దేనికండీ?" అని బృందనాయకులు జగదీష్ గారు కార్లు కదలకముందే ఉపన్యసించారు. అందరం చప్పట్లు కొట్టాం.

పరాయి వంటలు తినడానికి వెళ్తున్నాం కనక రైస్ కుక్కర్, పులిహోర, చపాతీలు, గోంగూర పచ్చడి, పెరుగు డబ్బా సర్దుకున్నాం. పెరుగు ఒలకకుండా జగదీష్ గారి అమ్మగారు లీలావతి గారు దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ ఇండియా నుంచి వచ్చి ఆర్నెల్లు ఉంటారు. కోడిగుడ్డు ముట్టరు.

నాకు మాత్రం ఒకటే బెంగ. మా మూడేళ్ళ అనీష్ తినడు. ముద్ద కనబడితే చాలు, పెదాలు బిగించేస్తాడు. బరువు చూసినప్పుడల్లా డాక్టరమ్మ కాగితం మీద కిందికి వంగిన గీత చూపిస్తుంది. ఆ రోజు పొద్దున తాగిన పాలు కూడా కొండ మలుపుల్లో కక్కేశాడు.

హోటల్లో ఒక ఆపిల్ స్ట్రూడెల్, ఒక కైజర్‌ష్మార్న్, అందరికీ చెంచాలు ఆర్డర్ చేశాం. మొదటిది ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన పొరల చుట్ట. ఈ రెండోది, పెనం మీద దళసరి అట్టు వేసి, ముక్కలుగా చించి, పంచదార చల్లి, ప్లమ్ పళ్ళ పాకంతో పెడతారు. మన ఇళ్ళలో అట్టు చిరిగితే కోడల్ని అంటారు. వాళ్ళు కైజర్ అని చక్రవర్తి పేరు పెట్టుకున్నారు.

ముందు ఫొటోలు తీశాం. పళ్ళేలతో మనుషులకి, మనుషులు లేకుండా పళ్ళేలకి. ఫేస్‌బుక్‌లో "డివైన్!" అని పెట్టేశాం. అప్పటికింకా ఎవరూ తినలేదు.

అప్పుడే నేను తప్పు చేశాను. పెద్దావిడ ఉన్నారు కదా అని, ఇందులో గుడ్డు ఉందా అని వడ్డించే అమ్మాయిని అడిగాను. లేదేమోనని నేను దిగులుపడుతున్నాననుకుంది పాపం. "బోలెడన్ని వేశాం, పక్క ఊరి ఫార్మ్ నుంచి పొద్దున్నే వచ్చాయి" అని ధైర్యం చెప్పి వెళ్ళింది.

చెంచాలు కిందికి దిగాయి.

"నువ్వు అడక్కపోతే అందరం తినేవాళ్ళం కదమ్మా," అన్నారు లీలావతి గారు.

"నిన్నెవరు అడగమన్నారు?" అన్నారు మా ఆయన.

జగదీష్ గారు లేచి నిలబడ్డారు. "ఫ్రెండ్స్! పుట్టినరోజుల్లో కేక్ తింటున్నాం. ఎవరైనా అడిగారా? అడగనంతవరకు ప్రతిదీ వెజిటేరియనే. మన సంస్కృతి ఇన్నాళ్ళూ ఈ దేశంలో నిలబడిందంటే ఆ మర్యాద వల్లే!"

డిగ్రీ సగంలో ఆపేసినదాన్ని, ఇంత సూక్ష్మం నాకెలా తెలుస్తుంది? తలొంచుకున్నాను.

కార్ ట్రంక్‌లో పులిహోర ఉందని ఎవరో గుర్తుచేశారు. అందరూ లేవబోతుంటే చూశాం, కైజర్‌ష్మార్న్ పళ్ళెం ఖాళీ. అనీష్ బుగ్గల దాకా పాకం. పళ్ళెం నా వైపు తోసి, "అమ్మా, మోర్ పెట్టు," అన్నాడు.

పుట్టాక వాడు మారు అడగడం అదే మొదలు. నాకు కళ్ళు మసకబారాయి. ఎవరూ చూడకముందే ఇంకో పళ్ళెం చెప్పాను.

బృందం అక్కడికక్కడే విచారణ జరిపింది. పసివాడికి దోషం లేదని, అది తల్లికి చెందుతుందని ఏకగ్రీవంగా తేలింది.

"ఇంటి అన్నం ముట్టని పిల్లాడు చిరిగిన అట్టు తిన్నాడంటే, వంటలో ఏదో ఉందమ్మా," అన్నారు లీలావతి గారు.

"నేనూ అదే అంటుంటానండీ," అన్నారు మా ఆయన.

రెండో పళ్ళెం వచ్చింది. ముక్క ముక్కా ఊది పెట్టాను. వాడు నోరు తెరుస్తూనే ఉన్నాడు. మిగతావాళ్ళు పార్కింగ్ లాట్‌లో పులిహోర తింటూ, స్ట్రూడెల్ ఎలా ఉందని ఫేస్‌బుక్‌లో అడిగినవాళ్ళకి జవాబులు రాశారు. చాలా బాగుందన్నారు.

పిల్లాడి కడుపు నిండిందా అని మీరూ అడగరని నాకు తెలుసు. ఇంట్లో వాడికి ఏం వండి పెడుతున్నావమ్మా అనే అడుగుతారు. చెప్తున్నాను, మీరు వండేదే.